శిక్షణకు పాలు పిండేవారిని పంపండి



కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము శిక్షణకు వెళ్ళినవారి పేర్లు కూడా అడుగుతాము. ఎక్కువగా అధ్యక్షులు, కార్యదర్శులే. కొందరివి మూడేసి సార్లు! (బస్సు ఛార్జీల రశీదులు మాత్రం క్రమంగా ఉంటాయి.)

ఇంట్లో బర్రెను చూసేది ఆడవారు. బర్రెలకు మూగ ఎద ఎక్కువ, ఆవులా అరవవు. తెల్లవారుజామున సన్నని తీగ వేస్తే అది పాలు పిండేవారి కంటనే పడుతుంది. ఆ ఎద తప్పితే మళ్ళీ సుమారు 21 రోజులు ఆగాలి. అన్నాళ్ళ మేత దండుగే. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి ఉదయం సూది వేయించాలని ఆమెకు ఎవరు చెప్పారు? మహిళలకు పాడి వంటి వృత్తుల్లో శిక్షణ కోసం కేంద్రం 1986-87లోనే స్టెప్ పథకం మొదలుపెట్టింది.

ఈసారి పేర్లు ఆడవారివి రాయండి. సాయంత్రం పాలవేళకు ఇల్లు చేరేలా తరగతులు పెట్టమని మేమూ రాస్తున్నాము.