కంప్యూటరునకు మెమరీ: కొనకముందు చూడవలసినవి

(చాకవేలులో మన సభ్యుల సమావేశమున ఒక వర్తకుడు చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను. ఎస్.ఎస్.ఎల్.సి. చదివి అంగడిలో కూర్చున్నవాడను. కంప్యూటరును గూర్చి నేను మాటలాడుట పిల్లలకు నవ్వు పుట్టింపవచ్చును. అయినను నేను చేసిన పొరపాటు చెప్పినచో మీలో కొందరి ధనమైనను నిలుచునని లేచితిని.

మా చిన్నవాడు "నాయనా, ఆట నడుమ ఆగి ఆగి పోవుచున్నది, మెమరీ చాలదు" అని పలుమారు అడిగెను. సరుకు కొరకు బెంగుళూరు వెళ్ళినప్పుడు ఒక అంగడిలో 8 జీబీ పలక యొకటి కొంటిని. యంత్రమెట్టిదని వారడుగలేదు, నేను చెప్పలేదు. ఇంటికి వచ్చి చూడగా ఆ పలక గాడిలో దిగలేదు. వాని యంత్రము డీడీఆర్ 3 తరమునది, నేను తెచ్చినది డీడీఆర్ 4. తిరిగి ఇయ్యబోగా, పొట్లము విప్పిన సరుకు తీసికొనమనిరి. "నీ ఆట పిచ్చివలన డబ్బు పోయెను" అని పిల్లవానిని కసిరితిని. వాడు బదులాడక, యంత్రపు మూత విప్పి, పాత పలకమీది చీటీ చూపెను. కావలసినదంతయు అందు వ్రాసియున్నది. ట్రాక్టరు టైరు కొనబోవునప్పుడు పాత టైరుమీది నంబరు వ్రాసికొని పోనివాడు మన ఊరిలో లేడు. ఆ పాటి జాగ్రత్త నేనిక్కడ చూపలేదు. తప్పు నాది, తిట్లు తిన్నది వాడు.

మెమరీ యనగా నేమి? అంగడి లెక్కతో చెప్పెదను. కంప్యూటరులోని డిస్కు గిడ్డంగి వంటిది. మెమరీ మన ముందరి బల్ల. ప్రాసెసరు సరుకు తూచి ఇచ్చు మనిషి. బల్ల చిన్నదైనచో ప్రతి వస్తువునకు గిడ్డంగికి పరుగెత్తవలసి వచ్చును, వచ్చినవారు వేచియుందురు. ఆట నడుమ ఆగుట ఇదియే. అయితే బల్ల ఎంత పెద్దదైనను తూచువాని చేతివేగము పెరుగదు. కావున మొదట చూడవలసినది, కొరత నిజముగా మెమరీదేనా అనునది.

విండోస్ యంత్రములో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒక్కసారి నొక్కినచో టాస్క్ మేనేజర్ తెరచుకొనును. అందు పెర్ఫార్మెన్స్ అను భాగములో మెమరీ లెక్క కనబడును. ఆట నడుచుచుండగా మెమరీ నూటికి తొంబది పాళ్ళకు మించి నిండియున్నచో కొరత అక్కడనే యున్నదని తలపవచ్చును. సగమే నిండి, బొమ్మలు మాత్రము తడబడుచున్నచో లోపము గ్రాఫిక్స్ కార్డుదో, ప్రాసెసరుదో కావచ్చును. ఆట తెరచుకొనుటకు మాత్రమే ఆలస్యమైనచో పాత హార్డ్ డిస్కునకు బదులు ఎస్.ఎస్.డి. వేయుట మేలు.

ఆటల ఆకలియు పెరుగుచున్నది. 2015లో కంప్యూటరుకు వచ్చిన జీటీఏ 5 కనీసము 4 జీబీ అడిగెను, 8 ఉండిన మేలనెను. 2020లో వచ్చిన సైబర్‌పంక్ 2077 కనీసము 8 అడిగి, 2023లో దానిని 12కు పెంచెను. ఆడదలచిన ఆట ఏమి అడుగుచున్నదో ముందు చదువవలెను.

కొరత మెమరీదేయని తేలినచో ఐదు సంగతులు చూడుడు.

మొదటిది తరము. డీడీఆర్ 3 పలకలు 2007లోను, డీడీఆర్ 4 పలకలు 2014లోను వచ్చినవి. డీడీఆర్ 5 ప్రమాణము 2020లో వెలువడెను. ఒక్కొక్క తరమునకు గాటు వేరొకచోట నుండును, విద్యుత్తు కొలతయు వేరు. డీడీఆర్ 3 సాధారణముగా 1.5 వోల్టులు, డీడీఆర్ 4 అయినచో 1.2, డీడీఆర్ 5 అయినచో 1.1. బలవంతముగా నొక్కినచో గాడి విరుగును.

రెండవది పొడవు. బల్లమీది కంప్యూటరుకు పొడవు పలక, ల్యాప్‌టాప్‌నకు పొట్టి పలక. కొన్ని ల్యాప్‌టాప్‌లలో మెమరీని బోర్డుకే అతికించియుందురు, అట్టివానిలో మార్చ వీలులేదు.

మూడవది గాడులు, గరిష్ఠ పరిమితి. ఎన్ని గాడులున్నవో, ఎన్ని ఖాళీయో టాస్క్ మేనేజరే చెప్పును. బోర్డు ఎంతవరకు భరించునో దాని తయారీదారులు ప్రకటించిన వివరములలో నుండును. విండోస్ 32 బిట్లదైనచో 4 జీబీకి మించి వేసినను వ్యర్థమే.

నాలుగవది జత. ఒక పెద్ద పలక కంటె సమానమైన రెండు పలకలు జంట ఎద్దులవలె లాగును. ప్రత్యేకముగా గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రము బొమ్మలకు కూడ ఈ మెమరీనే వాడుకొనును గనుక అందు ఈ లాభము స్పష్టముగా కనబడును.

ఐదవది వేగము. వేర్వేరు వేగముల పలకలు కలిపినచో రెండును నెమ్మదిదాని వెంటనే నడుచును. వేగపు పలకలు కొన్నను బయాస్‌లో ఎక్స్.ఎం.పి. లేక ఎక్స్‌పో అనుదానిని ఎన్నుకొనినగాని పూర్తి వేగమందుకొనని సందర్భములు కలవు.

బిగించునప్పుడు విద్యుత్తు తీగ తీసివేయుడు, ల్యాప్‌టాప్ అయినచో బ్యాటరీ తీగను కూడ విడదీయుడు. లోహమును తాకి చేతిలోని స్థిరవిద్యుత్తును పోగొట్టుకొని, పలకను అంచులతో పట్టుకొనుడు. యంత్రము తెరచుకొననిచో భయపడక, మరల తీసి సరిగా నొక్కుడు.

2025 చివర కృత్రిమ మేధకై మెమరీ గిరాకీ పెరిగి ధరలు ఎగబాకుట మనము చూచితిమి. అట్టి సరుకులో పొరపాటు చిన్న నష్టము కాదు. కావున రసీదు తీసికొని, నప్పనిచో మార్చి ఇత్తురా యని ముందే అడుగుడు. బెంగుళూరు అంగడిలో కన్నడమున అడిగినను, తెలుగున అడిగినను సరియే, అడుగుటకు సిగ్గుపడకుడు. ఇంటిలో తెలిసిన పిల్లవాడున్నచో వానిని వెంటబెట్టుకొని పొండు.

తరువాత మావాడు వ్రాసియిచ్చిన చీటీతో సరియైన జత తెచ్చితిని. ఆట సాగినది. వానిని కసిరినందుకు మన్నింపు కోరితిని, వాడు నవ్వి ఊరకుండెను.

ఆ తప్పు పలక నేటికిని నా గల్లాపెట్టెలో నున్నది. మీలో ఎవరి యంత్రమునకైన నప్పునేని ఊరకనే తీసికొని పొండు. అయితే వచ్చుటకు ముందు మీ పాత పలకమీది చీటీ చదివి రండు.

సెలవు.