వ్యర్థపదార్థములకు సార్థకత



ఢిల్లీలో ప్రభుత్వోద్యోగుల పాత నివాసములు కూలుచు, వాని స్థానమున పెద్ద భవనములు లేచుచున్నవి. సరోజినీనగర్, నేతాజీనగర్, నౌరోజీనగర్ మొదలగు ఏడు కాలనీల పునర్నిర్మాణమునకు 2016 జూలైలో కేంద్ర మంత్రివర్గము అనుమతి నొసగెను. ఎన్నో తెలుగు కుటుంబములు ఉగాదులు జరుపుకొని, పిల్లలను పెంచి పెద్దచేసిన గోడలు నేలగూలిన పిమ్మట ఏమగును? యమున ఒడ్డున పారబోసినచో నది దారి పూడును. వీధిప్రక్కన విడిచినచో ధూళియై పసివారి ఊపిరిలో చేరును.

ఆ శిథిలములు మరల నిర్మాణమునకు పనికివచ్చునని 2009లో బురాడీలో నెలకొన్న కర్మాగారము నిరూపించినది. దినమునకు 500 టన్నుల శక్తితో అది ఆరంభమైనది. ఇనుము, కొయ్య మున్నగువానిని వేరుచేసి, మిగిలినదానిని నలుగగొట్టి, జల్లించి, కడిగినచో ఇసుకయు కంకరయు లభించును. వానితో కాలిబాటల పలకలును, రోడ్డు అంచుల దిమ్మలును తయారగును.

ఇందు కీలకము యంత్రము కాదు, వేరుచేయుట. 2016లో సవరింపబడిన భారతీయ ప్రమాణము ప్రకారము పాత కాంక్రీటునుండి తీసిన కంకరను సాదా కాంక్రీటులో నూటికి 25 వంతులవరకును, ఎం-25 స్థాయికి మించని ఉక్కుచువ్వల కాంక్రీటులో 20 వంతులవరకును వాడవచ్చును. ఇటుకముక్కలతో కలగాపులగమైన కంకర తక్కువ బలము చాలు పనులకే తగును. కూల్చునాడే వేరుచేయనిచో మంచి సరకు చెడ్డదానితో కలిసి చెడును.

ఇక బూడిద సంగతి. 1973 నుండి 2018 అక్టోబరువరకు ఢిల్లీకి వెలుగునిచ్చిన బదర్పూర్ థర్మల్ కేంద్రము బొగ్గును కాల్చి గుట్టలుగా బూడిద మిగిల్చినది. ఇబ్రహీంపట్నమునను, రామగుండమునను పుట్టు బూడిదయు ఈ జాతిదే. సిమెంటు నీటితో కలిసినప్పుడు కొంత సున్నము విడివడును. మెత్తని బూడిదలోని సిలికా ఆ సున్నముతో సంయోగము చెంది, క్రమముగా గట్టిపడును. ఈ రహస్యము పూర్వులకు క్రొత్త కాదు. గానుగ సున్నములో ఇటుకపొడి కలిపి వారు కోటలు కట్టిరి. రోమకులు అగ్నిపర్వతపు బూడిద కలిపిరి.

దీనివలన మరియొక మేలు కలదు. సిమెంటునకు మూలమైన క్లింకరు ఒక టన్ను తయారగునప్పుడు రమారమి 800 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. అందు సగమునకు మించినది సున్నపురాయి నుండియే వచ్చును. కావున ఇంధనము మార్చినంత మాత్రమున అది పోదు. క్లింకరు వాడుక తగ్గవలెను. పోజలానా సిమెంటులో నూటికి 15 మొదలు 35 వంతులవరకు బూడిద చేర్చుటకు ప్రమాణము అనుమతించుచున్నది.

"బూడిద కలిసినది కల్తీ కాదా?" యని గృహస్థు శంకించుట సహజము. పదవీ విరమణానంతరము ప్రావిడెంటు ఫండు సొమ్ముతో స్వస్థలమున ఇల్లు కట్టుకొను ఉద్యోగికి ఈ శంక చిన్నది కాదు. కర్మాగారములో పరీక్షించి, కొలతప్రకారము కలిపినది సిమెంటు. పనిస్థలమున ఎవరో తోచినంత కలిపినది కల్తీ. సంచిపై ఐ.ఎస్. 1489 అను ప్రమాణసంఖ్య కలదో లేదో చూచుకొనుట కొనువాని విధి.

అయితే ఈ సిమెంటు తొందరను సహింపదు. దీని బలము నెమ్మదిగా వచ్చును. సాధారణ సిమెంటునకు 7 దినములు తడి చాలునన్నచో, దీనికి కనీసము 10 దినములు వలయును. స్లాబుపై మడులు కట్టి నీరు నిలుపక, మేస్త్రీ తొందరపడి సెంట్రింగు విప్పినచో, పిదప పగుళ్లు కనిపించినప్పుడు నింద బూడిదపై పడును. దోషము మాత్రము నీటిలోటుది, ఓర్పులేమిది.

పారవేయవలసినదేదియు పుట్టుకతో వ్యర్థము కాదు. వేరుచేయు చేయి, పరీక్షించు కన్ను, కొంత ఓర్పు కలిగినచోట నిన్నటి గోడ రేపటి బాట యగును. ఇవి లేనిచోట నేటి క్రొత్త ఇల్లే రేపటి శిథిలమగును.