మాస్టారి పొదుపు, మన పూచీ
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)

 

పర్యావరణం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు ముందుగా గుర్తొచ్చింది మన లెక్కల మాస్టారు. ఒకవైపే రాసిన కాగితం చెత్తబుట్టలో కనబడితే, దాన్ని తీయించి రెండోవైపు లెక్క చేయించేవారు. ఆ రోజుల్లో పాఠ్యపుస్తకాలు పై తరగతి అన్నల దగ్గర సగం ధరకు కొని, ఏడాది తిరిగాక కింది తరగతి వాళ్లకు అమ్మేవాళ్లం. కొట్టుకు గుడ్డసంచీతో వెళ్లేవాళ్లం. ఇవన్నీ పర్యావరణం కోసమని అనుకోలేదు. చేతిలో డబ్బు లేక చేశాం, డబ్బు రాగానే మానేశాం. నేనూ మానేశాను. ఈ ఉదయం నేను దిగిన ఇంటి నుంచి బడికి కిలోమీటరు కూడా లేదు. అయినా కారులోనే వచ్చాను.

మన సంఘం పుట్టిన 1975లో గాలిలో ప్రతి పది లక్షల పాళ్లకు కార్బన్ డయాక్సైడ్ సుమారు 331 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. హవాయి దీవుల్లోని మౌనా లోవా కేంద్రం కొలిచిన లెక్క ఇది. భూమి వేడెక్కేకొద్దీ వడగాలులు ముదురుతాయి. వడగాలి అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. 2015 మే నెలలో మన రెండు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు పోయారు. వాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు, ఎండలో పనికి వెళ్లినవాళ్లు.

"గుడ్డసంచీ పట్టుకుంటే వడగాలి ఆగుతుందా నాన్నా?" అని మా అబ్బాయి అడిగాడు. ఆగదు. మన దేశంలో కరెంటు నాలుగింట మూడు వంతుల దాకా బొగ్గు నుంచే వస్తోంది. ఏసీ ఒక్క డిగ్రీ పెంచి పెట్టుకుంటే దాని కరెంటులో 6 శాతం దాకా ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. అది తప్పక చేయాలి. కానీ ఇంటి పొదుపు ఇంటితోనే ఆగిపోతే చాలదు. నలుగురం కూర్చుని డబ్బు ఎక్కడ పెట్టాలో నిర్ణయించే చోటికి కూడా ఆ అలవాటు రావాలి.

ఇప్పుడు మనం అలాంటి చోటే ఉన్నాం. స్వర్ణోత్సవ గుర్తుగా బడి ముందు ఆర్చి కట్టాలని కమిటీ ఆలోచన. చందా ఇచ్చినవాడిగా నాదొక మనవి. ఆ సొమ్ముతో బడి కప్పు మీద పది కిలోవాట్ల సోలార్ పలకలు పెట్టిద్దాం. ఎండ బాగా కాస్తే రోజుకు సుమారు 40 యూనిట్లు వస్తాయి. తరగతి గదుల్లో ఫ్యాన్లు తిరుగుతాయి. సెలవు రోజుల్లో మిగిలింది నెట్ మీటరుతో గ్రిడ్డుకు వెళ్తుంది. ఆర్చి మీదైతే మన పేర్లు ఉంటాయి, నిజమే. కానీ పేర్లు నీడనివ్వవు, గాలినివ్వవు. పెద్దలు ఆలోచించండి.

ఈ మధ్యాహ్నం భోజనాలకు విస్తరాకులు, స్టీలు గ్లాసులు పెట్టారు. నిర్వాహకులకు ధన్యవాదాలు. ఎవరి గ్లాసు వాళ్లం కడిగి పెడదాం. సోలార్ మీటరు వస్తే, రోజూ రీడింగు రాసే పని ఎనిమిదో తరగతి పిల్లలకు అప్పగిద్దాం. కాగితానికి రెండువైపులా రాయమని మాత్రం చెబుదాం.

సెలవు.