శిథిల కట్టడాలు, ప్రైవేటు పెట్టుబడి: మన షరతులేమిటి?



పూర్వికులు అప్పగించి వెళ్ళిన కట్టడాలు మన కళ్ళెదుటే కూలిపోతున్నాయి. గోడల్లో రావిమొక్కలు మొలుస్తున్నాయి, డంగుసున్నం రాలిపోతోంది. బాగుచేయించడానికి నిధులు లేవన్న మాటే ఎటు చూసినా వినిపిస్తోంది. అప్పుడొక ప్రైవేటు సంస్థ వచ్చి, మాకివ్వండి, మేము నిలబెడతామంటుంది. ఇవ్వాలా, వద్దా అన్నదానికంటే, ఏ షరతులపై ఇవ్వాలన్నదే అసలు ప్రశ్న.

హైదరాబాదులోనే రెండు మార్గాలు కనిపిస్తాయి. వికారుల్ ఉమ్రా నిర్మించిన ఫలక్‌నుమా ఆరవ నిజాం పరమైంది. దశాబ్దాల నిర్లక్ష్యం తరువాత తాజ్ సంస్థ దానిని లీజుకు తీసుకొని, పునరుద్ధరించి, 2010లో హోటలుగా తెరిచింది. భవనం బతికింది. కాని రుసుము చెల్లించలేని పేదవాడికి అది దూరపు కొండే. అది నిజాం కుటుంబపు సొంత ఆస్తి. ఆక్షేపించే హక్కు మనకు లేదు.

కుతుబ్‌షాహీ సమాధుల మార్గం వేరు. అక్కడ 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు పని చేపట్టింది. యాజమాన్యం ప్రభుత్వం వద్దనే ఉంది. వెనుకటి మరమ్మతుల సిమెంటును తొలగించి, సున్నంతో పనిచేయించారు. వర్షాలకు కూలిన బడీ బావోలీని తిరిగి నిలబెట్టారు. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారం లభించింది.

వక్ఫ్ కట్టడం సంగతి మరింత సున్నితమైనది. అది అల్లాహ్ పేరిట అంకితమైన ఆస్తి. ముతవల్లీ దానికి సంరక్షకుడే గాని యజమాని కాడు. 1995 వక్ఫ్ చట్టానికి 2013లో చేసిన సవరణ అమ్మకాన్ని, దానాన్ని, తాకట్టును నిషేధించింది. 30 ఏళ్ళు మించిన లీజు చెల్లదన్నది. కనుక పెట్టుబడికి తలుపు మూయనక్కరలేదు. తాళంచెవి మాత్రం అప్పగించరాదు.

ఒప్పందంలో ఈ నాలుగు మాటలు రాయించండి. వాకిఫ్ సంకల్పించిన ప్రయోజనం, అది నమాజైనా, బాటసారులకు ఆశ్రయమైనా, ఒక్కరోజైనా ఆగరాదు. అద్దె బహిరంగ వేలంలో తేలాలి, నిర్ణీత కాలానికి పెరగాలి. మరమ్మతు పురాతన కట్టడాల నిపుణుల పర్యవేక్షణలోనే జరగాలి. గడువు తీరగానే, కొత్తగా కట్టినదానితో సహా ఆస్తి అంతా వక్ఫ్‌కే తిరిగి రావాలి.

సంతకాలయ్యాక వేసే కేకల కంటే సంతకానికి ముందు అడిగే ప్రశ్నకు బలమెక్కువ. మీ ఊరి వక్ఫ్ కట్టడం లీజు పత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద కోరండి. చదవండి, పదిమందికీ చదివి వినిపించండి. ఈ అమానతును కాపాడే శక్తిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.