ఎలిఫెంట్ మ్యాన్: మనుషుల్ని మళ్ళీ నమ్మడానికి అతనికి ఎంతకాలం పట్టింది?

ఇవాళ ఒక్క మనిషి గురించే మాట్లాడుకుందాం. పేరు జోసెఫ్ మెరిక్. ఈ పేరు వినకపోయినా 'ఎలిఫెంట్ మ్యాన్' అనే మాట వినుంటారు. 1980లో డేవిడ్ లించ్ ఆ పేరుతో సినిమా తీశాడు, మొత్తం బ్లాక్ అండ్ వైట్‌లో. సినిమా బాగుంటుంది, చూడండి. కానీ నేను చెప్పబోయేది సినిమా కథ కాదు. సినిమాలో మంచివాడు, చెడ్డవాడు అని రెండు ముక్కలుగా చూపించేశారు. అసలు జరిగింది అంత సాఫీగా లేదు.

మన జాతరల్లో, ఎగ్జిబిషన్లలో ఒక డేరా ఉండేది, మీలో కొంతమంది చూసే ఉంటారు. బయట పెద్ద బొమ్మ: అమ్మాయి తల, పాము ఒళ్ళు. మైకులో ఒకటే గోల, రండి బాబూ రండి అని. టికెట్ కొనుక్కుని లోపలికెళ్తే అదంతా అద్దాల ట్రిక్కు. 1880ల నాటి ఇంగ్లండ్‌లో కూడా ఇలాంటి డేరాలు బోలెడు. తేడా ఏంటంటే, అక్కడ చాలా డేరాల్లో ట్రిక్కు ఉండేది కాదు. తెర తీస్తే నిజంగానే ఒక మనిషి కూర్చుని ఉండేవాడు.

మెరిక్ 1862 ఆగస్టు 5న లెస్టర్ అనే ఊళ్ళో పుట్టాడు. చిన్నప్పుడే చర్మం, ఎముకలు ఇష్టమొచ్చినట్టు పెరగడం మొదలైంది. తల విపరీతంగా పెరిగింది. కుడిచెయ్యి బరువైన దుంగలా తయారైంది. పెదవుల దగ్గర కండ పెరిగిపోయి మాట సరిగా వచ్చేది కాదు. దానికి తోడు చిన్నతనంలో పడి తుంటికి దెబ్బ తగిలి, జీవితాంతం కుంటుతూనే నడిచాడు. ఎడమచెయ్యి మాత్రం మామూలుగా, సన్నగా, నాజూగ్గా ఉండేది.

వాళ్ళింట్లో నమ్మింది ఏంటంటే, అమ్మ కడుపుతో ఉన్నప్పుడు ఊళ్ళో జనం మధ్య ఏనుగు తోసేసిందట, ఆ భయం వల్లే పిల్లాడు ఇలా పుట్టాడట. నవ్వొస్తోందా? నవ్వకండి. మనం ఇప్పటికీ పిల్లల పెదవి చీలి పుడితే 'గ్రహణం మొర్రి' అనే అంటున్నాం. గ్రహణం రోజు కడుపుతో ఉన్నవాళ్ళని ఇంట్లోంచి కదలనివ్వని ఇళ్ళు మన చుట్టుపక్కలే ఉన్నాయి.

అతనికి పదేళ్ళప్పుడు అమ్మ చనిపోయింది. నాన్న రెండో పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఇంట్లో మెరిక్‌కి చోటు లేదు. కొన్నాళ్ళు చుట్టల ఫ్యాక్టరీలో పనిచేశాడు, కుడిచెయ్యి బరువెక్కి పని చెయ్యలేక మానేశాడు. తర్వాత వీధి వీధీ తిరిగి చిన్నచిన్న సామాన్లు అమ్మేవాడు. తలుపు తీసినవాళ్ళు చూసి దడుచుకునేవాళ్ళు. రోడ్డు మీద జనం వెనకాలే గుంపుగా వచ్చేవాళ్ళు, కొనేవాళ్ళు మాత్రం లేరు. సరిపడా డబ్బు తేలేదని ఇంట్లో దెబ్బలు. ఒక బాబాయి మాత్రం ఇంటికి తీసుకెళ్ళి కొంతకాలం సాకాడు. చివరికి పదిహేడేళ్ళప్పుడు, 1879 డిసెంబర్‌లో, వర్క్‌హౌస్‌లో చేరాడు. వర్క్‌హౌస్ అంటే దిక్కులేని పేదలకి తిండి పెట్టి, బదులుగా గొడ్డుచాకిరీ చేయించుకునే చోటు. అందులో దాదాపు నాలుగేళ్ళు.

ఇక్కడ చాలా వీడియోలు చెప్పకుండా వదిలేసే విషయం ఒకటుంది. అతన్ని ఎవరో ఎత్తుకెళ్ళి షోలో పెట్టలేదు. 1884లో తనే ఒక షో నిర్వాహకుడికి ఉత్తరం రాశాడు, నన్ను ప్రదర్శనకి పెట్టుకోండి అని. ఆలోచించండి, ఎలాగూ అందరూ ఊరికే చూస్తున్నారు, టికెట్ పెట్టి చూపిస్తే కనీసం అన్నమన్నా దొరుకుతుంది. నాకైతే అందులో తెలివి, పౌరుషం రెండూ కనిపిస్తాయి.

అలా చేతులు మారి లండన్‌లో టామ్ నార్మన్ అనే షోమ్యాన్ దగ్గరికి చేరాడు. వైట్‌చాపెల్ రోడ్డులో ఒక ఖాళీ షాపు, సరిగ్గా లండన్ హాస్పిటల్ ఎదురుగా. ఆ హాస్పిటల్‌లో ఫ్రెడరిక్ ట్రీవ్స్ అని కుర్ర సర్జన్ ఉన్నాడు. తర్వాత రోజుల్లో, 1902లో, సాక్షాత్తూ ఇంగ్లండ్ రాజుకి అపెండిక్స్ ఆపరేషన్ చేసింది ఈయనే. 1884 నవంబర్‌లో ట్రీవ్స్ రోడ్డు దాటి వచ్చి మెరిక్‌ని చూశాడు. హాస్పిటల్‌కి పంపించమని అడిగాడు. మెరిక్ ఒంటి నిండా పొడవాటి నల్లకోటు, తల మీద పెద్ద టోపీ, దానికి ముఖం కప్పేసేలా కుట్టిన గుడ్డ, కళ్ళ దగ్గర చిన్న చీలిక. అలా ముసుగేసుకుని గుర్రబ్బండిలో వెళ్ళాడు.

అక్కడేం జరిగింది? బట్టలు విప్పించారు. కొలతలు తీశారు. డిసెంబర్ 2న డాక్టర్ల సంఘం ముందు నిలబెట్టి చూపించారు. అతని మాట ట్రీవ్స్‌కి అర్థం కాలేదు, అందుకని బుద్ధి ఎదగనివాడని అనుకున్నాడు. కొన్నాళ్ళకి మెరిక్ ఇక రానన్నాడు. నార్మన్ తర్వాత రాసినదాని ప్రకారం, షోలో తనకి డబ్బు, మర్యాద దొరికేవని, హాస్పిటల్‌లో మాత్రం సంతలో పశువుని పరీక్షించినట్టు ఉందని మెరిక్ బాధపడ్డాడట. నార్మన్ తన వైపు చెప్పుకున్నాడు, నిజమే. కానీ ఆ మాట నాకు అబద్ధంలా అనిపించదు.

మనం కూడా, ఫోన్‌లో ఎవరిదైనా వింత ముఖం కనిపిస్తే ఆగి, రెండు వేళ్ళతో జూమ్ చేసి చూసి, తర్వాత పైకి తోసేస్తాం. డాక్టర్లు కొలత టేపుతో చూశారు, జనం టికెట్ కొని చూశారు. ఎవరూ అతనితో మాట్లాడటానికి రాలేదు.

సరే. ఆ పరీక్షలప్పుడు ట్రీవ్స్ అతనికి ఒక విజిటింగ్ కార్డు ఇచ్చాడు. ప్రేమతో కాదు, హాస్పిటల్ గేటు దగ్గర వాచ్‌మన్‌లు ఆపకుండా ఉండాలని. అంతే. కానీ మెరిక్ ఆ ముక్కని పారెయ్యలేదు.

పోలీసులు లండన్‌లో షో మూయించారు. మెరిక్ ఇంకో మేనేజర్‌తో యూరప్ వెళ్ళాడు. బ్రసెల్స్‌లో ఆ మేనేజర్ మెరిక్ కూడబెట్టుకున్న సుమారు 50 పౌండ్లు పట్టుకుని ఉడాయించాడు. భాష రాదు, డబ్బు లేదు. ఒక రేవులో ఓడ ఎక్కనివ్వలేదు. ఇంకో రేవు నుంచి ఎలాగోలా బయల్దేరి, 1886 జూన్‌లో లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగాడు. జనం చుట్టూ మూగారు. పోలీసులు పక్కకి తీసుకెళ్తే ఒక మూల కుప్పకూలిపోయాడు. ఏం చెప్పినా ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు అతని దగ్గర దొరికింది ట్రీవ్స్ కార్డు, ఏడాదిన్నర కిందటిది.

దీన్ని నమ్మకం అంటారా? నేను అనను. ప్రపంచంలో అతని దగ్గర ఉన్న ఒకే ఒక అడ్రస్ అది. ట్రీవ్స్ వచ్చాడు, హాస్పిటల్‌కి తీసుకెళ్ళాడు. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

ముందు పై అంతస్తులో ఒక గదిలో పడుకోబెట్టారు. విషయం తెలియని నర్సు ఒకామె భోజనం ట్రే తీసుకుని లోపలికొచ్చింది. చూసింది, ట్రే కింద పడేసి, అరుస్తూ పారిపోయింది. అతను ఏమీ అనలేదు. అలవాటే కదా.

ఆ హాస్పిటల్ అప్పట్లో నయంకాని జబ్బులవాళ్ళని ఉంచుకునేది కాదు. అందుకని హాస్పిటల్ కమిటీ ఛైర్మన్ కార్ గామ్ 1886 డిసెంబర్‌లో 'టైమ్స్' పత్రికకి ఉత్తరం రాశాడు, ఈయన్ని ఏం చెయ్యమంటారు అని. జనం డబ్బు పంపారు, జీవితాంతం ఉంచుకోవడానికి సరిపడా. హాస్పిటల్ వెనక నేలమాళిగలో రెండు గదులు ఇచ్చారు. గదిలో అద్దం పెట్టకూడదని ట్రీవ్స్ గట్టిగా చెప్పాడు.

ఇది నీ ఇల్లు, ఇక్కడే ఉండొచ్చు అని మెరిక్‌కి చెప్పారు. అతను నమ్మలేదు. ఎన్నిసార్లు చెప్పినా లోపలికి ఎక్కలేదు. తర్వాత ఎప్పుడైనా నన్ను ఇక్కణ్ణుంచి మారిస్తే, అంధుల ఆశ్రమానికో లైట్‌హౌస్‌కో పంపిస్తారా అని అడిగాడు. అంధులైతే తనని చూడలేరు. లైట్‌హౌస్‌లో అసలు మనుషులే ఉండరు. నన్నడిగితే ఇతని జీవితం మొత్తంలో గుండె పట్టేసే విషయం ఇదే. సొంత గది ఇచ్చినా, తర్వాత ఎక్కడికి తోలేస్తారో అనే లెక్కలోనే ఉన్నాడు.

మరి ఏం మారింది? పెద్ద సంఘటన ఏదీ లేదండి. ట్రీవ్స్ దాదాపు రోజూ వచ్చేవాడు. ఆదివారాలు రెండు గంటలు కూర్చునేవాడు. వినగా వినగా మెరిక్ మాట అతనికి అర్థం కావడం మొదలైంది. చూస్తే, ఈ మనిషికి పుస్తకాల పిచ్చి. ప్రేమ నవలలు ఇష్టం. అందులో పాత్రలు నిజమైనవాళ్ళన్నట్టు మాట్లాడతాడు. బుద్ధి లేనివాడు అనుకున్న డాక్టర్ తన అభిప్రాయం మింగేసుకోవాల్సి వచ్చింది. ముఖం కండ వల్ల మెరిక్ నవ్వలేడు, ఏడవగలడు అంతే. కాబట్టి సంతోషంగా ఉన్నాడో లేదో ముఖం చూసి తెలియదు, కూర్చుని వినాల్సిందే.

ఆడవాళ్ళని చూస్తే మెరిక్ ముడుచుకుపోయేవాడు. నర్సులు వచ్చేది డ్యూటీ కోసం. అందుకని ట్రీవ్స్ తనకి తెలిసిన లీలా మాటురిన్ అనే యువతిని అడిగాడు: నవ్వుతూ గదిలోకి వచ్చి, గుడ్ మార్నింగ్ చెప్పి, చెయ్యి కలపగలరా అని. ఆమె సరేనంది. అలాగే చేసింది. చెయ్యి వదలగానే మెరిక్ తల మోకాళ్ళ మీద పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తనని చూసి నవ్విన మొదటి ఆడమనిషి, చెయ్యి కలిపిన మొదటి ఆడమనిషి ఆమేనని తర్వాత ట్రీవ్స్‌తో చెప్పాడు. అప్పటికి అతనికి ఇరవై దాటి కొన్నేళ్ళయింది.

ఆ తర్వాత చాలామంది వచ్చారు. 1887లో యువరాణి అలెగ్జాండ్రా కూడా వచ్చి చెయ్యి కలిపింది. తన సంతకంతో ఫొటో పంపింది. ఇదీ షోనే కదా, టికెట్ లేని షో అని మీరు అడగొచ్చు. సగం నిజమే. కానీ నేనొకటి గమనించాను: వచ్చినవాళ్ళ ఫొటోలు అతని గదిలో వరసగా ఉండేవి. ఇన్నాళ్ళూ అందరూ అతన్ని చూశారు, ఇప్పుడు అతను వాళ్ళని తీరిగ్గా చూసుకునేవాడు.

ఒక క్రిస్మస్‌కి ఏం కావాలని అడిగితే, వెండి పనితనం ఉన్న డ్రెస్సింగ్ కేస్ కావాలన్నాడు. దువ్వెనలు, రేజర్లు, సిగరెట్ కేస్ అన్నీ ఉండే పెట్టె. అతని ముఖానికి రేజర్ పనికిరాదు, పెదవులకి సిగరెట్ ఆనదు. ట్రీవ్స్ అందులోంచి అద్దం తీసేసి ఇచ్చాడు. ఇష్టమైంది నోరు తెరిచి అడిగాడు చూడండి, అది నాకు పెద్ద విషయంగా అనిపిస్తుంది. లైట్‌హౌస్ అడిగిన మనిషే ఇతను.

ట్రీవ్స్‌ని దేవుణ్ణి చెయ్యకండి. 1923లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో మెరిక్ పేరు 'జాన్' అని రాశాడు. అమ్మ ఇతన్ని వదిలేసిందని రాశాడు, నిజానికి ఆమె చనిపోయింది. షోవాళ్ళందరినీ రాక్షసుల్లా చూపించాడు. నార్మన్ అది చదివి, బతికుండగానే జవాబు రాశాడు.

మెరిక్ 1890 ఏప్రిల్ 11న పోయాడు, 27 ఏళ్ళకే. తల బరువు వల్ల ఎప్పుడూ కూర్చుని, మోకాళ్ళ మీద తల పెట్టుకునే నిద్రపోయేవాడు. ఆ రోజు మాత్రం మంచం మీద వెల్లకిలా పడుకుని కనిపించాడు. అందరిలా పడుకోవాలని ప్రయత్నించి ఉంటాడని ట్రీవ్స్ అనుకున్నాడు. ఎముకలు ఇప్పటికీ లండన్‌లో ఒక మెడికల్ కాలేజీ దగ్గరే ఉన్నాయి.

అతను రాసిన ఉత్తరాల్లో మనకి దొరికింది ఒకటే. లీలా మాటురిన్‌కి రాసింది. మీరు పంపిన పుస్తకం అందింది, ఆ పిట్టలు చాలా బాగున్నాయి అని థ్యాంక్స్ చెప్తాడు. పిట్టలంటే తినడానికి పంపినవి, మన కౌజుపిట్టల్లాంటి అడవి పక్షులు. తర్వాత ఇంకో మాట: ఆదివారం ట్రీవ్స్ గారు వచ్చారు, మీకు నమస్కారాలు చెప్పమన్నారు.