మూసిన గది - తెరిచిన కిటికీ
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చలికాలం కదా, చలిని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను. మనకు చలంటే రెండు దుప్పట్లు. కాశ్మీరంలో కుటుంబాలకు అది బతుకుతెరువంత పెద్ద సంగతి.

‘చిల్లా’ అంటే నలభై రోజులని ఉర్దూ చదివే పిల్లలకు చెబుతుంటాం. అక్కడ డిసెంబరు 21 నుంచి 40 రోజులు చిల్లై కలాన్. తర్వాత 20 రోజులు చిల్లై ఖుర్ద్, ఆపైన 10 రోజులు చిల్లై బచ్చా. పెద్దది, చిన్నది, పిల్లది! చలికి కూడా ఒక సంసారాన్ని కట్టబెట్టారన్నమాట.

మంచు తుఫాను వస్తే జమ్మూ రోడ్డు మూతపడుతుంది, కూరగాయల లారీలు ఆగిపోతాయి, కరెంటు పోతుంది. అందుకే మన ఇళ్ళల్లో ఒరుగులు పెట్టినట్టే అక్కడి ఆడవాళ్ళు వంకాయ, సొరకాయ, టమాటా ముక్కలు ఎండబెట్టి దాచుకుంటారు. ఇంటిల్లిపాదీ ఒకే గదిలో చేరతారు. ఫెరన్ అనే పొడుగు అంగీ లోపల కాంగ్డీ, అంటే బుట్టలో పెట్టిన బొగ్గుల కుండ, పట్టుకొని కూర్చుంటారు. అవ్వ కథలు చెబుతుంది. మగవాళ్ళు కప్పు మీది మంచు తోసి, పక్కింటికి దారి చేస్తారు.

అయితే ఆ వెచ్చని గదిలోనే ఒక ప్రమాదం ఉంది. మూసిన గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రపోయినవాడు మళ్ళీ లేవడు. 2025 జనవరిలో శ్రీనగర్‌లో ఒక అద్దె ఇంట్లో భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు, ఐదుగురూ ఊపిరాడక చనిపోయారు.

మనకెందుకులే అనుకోకండి. బాలింత గదిలో కుంపటి పెట్టి, గాలి తగలకూడదని తలుపులు, కిటికీలు బిగించేది మనమే కదా! స్నానాల గదిలో గ్యాస్ గీజరు వెలిగించి గడియ పెట్టుకున్నా అంతే. అమ్మలారా, కిటికీ కొంచెమైనా తెరిచి ఉంచండి. పడుకునే ముందు కుంపటి బయట పెట్టండి. తలనొప్పి, వికారం, మత్తు అనిపిస్తే తక్షణం అందరినీ బయటికి తీసుకురండి. బిడ్డకు వెచ్చదనం ఎంత అవసరమో, గాలీ అంతే అవసరం.

ఇక మంచు కరిగే రోజులు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం పెరుగుతుంది. గొట్టం చలిలోనే పగులుతుంది, కారడం మాత్రం ఎండ వచ్చాకే. కుటుంబంలోనూ అంతే. ఇరుకు రోజుల్లో అనుకున్న మాటలు సుఖం వచ్చాక బయటపడతాయి. గొట్టాలు చూసుకున్నట్టే మనసులూ చూసుకోవాలి. అత్తాకోడళ్ళు, అన్నదమ్ములు కూర్చొని మాట్లాడుకోవాలి.

మార్చిలో శ్రీనగర్ బాదంవారీలో బాదం చెట్లు పూస్తాయి. ఆ పూలు చూడడానికి ఇంటిల్లిపాదీ మిగిలి ఉండాలి. దానికి కావలసింది రాత్రిపూట జానెడు తెరిచిన కిటికీ, అంతే.