పేడపురుగు ఎక్కిన నల్లులు

తొలకరి పడ్డాక సిద్దిపేట పల్లెల్లో పెంటకుప్ప దగ్గర దొరికే పేడపురుగును వెల్లకిలా తిప్పి చూడండి. కాళ్ల సందుల్లో తరచు గోధుమరంగు చుక్కలు కదులుతుంటాయి. అవి మైట్లు అనే నల్లులు. వాటికి రెక్కల్లేవు, కళ్లూ లేవు. ఉన్న పేడ ఎండిపోతే తాజా పేడకు చేర్చేది ఈ పురుగే. వాటిలో మాక్రోకీలిస్ అనే రకంలో ఎక్కేవి ఎక్కువగా ఆడవే. దిగగానే ఈగల గుడ్లు తింటాయి. పశువులకు అదెంత మేలో!

ఇలా దొరికిన నల్లి కొత్త జాతి అని తేల్చడానికి మాత్రం చాలా ఓపిక కావాలి. నల్లిని లాక్టిక్ ఆమ్లంలో నానబెట్టి, ఒళ్లు తేటపడ్డాక గాజుపలక మీద పెడతారు. మైక్రోస్కోపులో వీపు మీది వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి బొమ్మ గీస్తారు. పేరు పెట్టిన మూల నమూనాను కోల్‌కతాలోని భారత జంతు సర్వేక్షణ సంస్థ వంటి చోట దాస్తారు. ఏ ఊళ్లో, ఏ పురుగు మీద దొరికిందో చీటీ మీద తప్పక రాయాలి.